చివరి మనిషి చొక్కా

వెండూరీ చెరువు మీద జులై నెల పొగమంచు.
నల్ల హంసలు తలలు రెక్కల్లో దోపుకుని
ఇంకా లేవలేదు. శనివారం, ఏడూ యాభై,
బల్లారట్‌లో రెండు డిగ్రీలు.
గ్లెన్ నా చేతికొక నారింజరంగు చొక్కా ఇచ్చాడు.
వీపు మీద పెద్ద అక్షరాలు: చివరి మనిషి.
"పెద్ద పనేం కాదు," అన్నాడు,
"ఎవర్నీ దాటకు. అంతే."

ఆరేళ్ళుగా నాకు తెలిసిన పని దాటడం ఒక్కటే.
పిల్లబండి తోసుకుంటూ పరిగెత్తే తండ్రుల్ని,
కుక్కలతో వచ్చేవాళ్ళని,
నిరుడు ఇదే నెలలో ఉన్న నన్ను.
ఇరవై ఎనిమిది నిమిషాల నాలుగు సెకన్లు.
ఆ నాలుగు సెకన్లు చెరిపెయ్యడానికి
నాలుగు నెలలు అన్నం మానేశాను.
ఆస్పత్రి ల్యాబులో రాత్రంతా ఊళ్ళోవాళ్ళ నెత్తురు లెక్కపెట్టి
తెల్లారి నా నెత్తురు సంగతి
మణికట్టుని అడిగేదాన్ని.
గడియారం చెప్పేది: నిద్రకి నలభై ఒక్క మార్కులు.
ఈ వారం శ్రమ: నిష్ప్రయోజనం.
ఆ మాట చదివిన రోజు ఇంకో చుట్టు కొట్టాను,
గడియారం మీద కోపంతో,
గడియారం కోసమే.

మా భాషలో పరుగంటే ఎందుకో పారిపోవడమే.
పిక్కబలం చూపించాడంటారు,
కాలికి బుద్ధి చెప్పాడంటారు.
మే నెలలో, కొండ వాలున,
తడి దారం తెగినట్టు
నా ఎడమ పిక్క టప్పుమంది.
కాలే నాకు బుద్ధి చెప్పింది.
ఫిజియో అన్నెలీస్ బొటనవేలితో నొక్కి చూసి
"పది వారాలు నడకే" అంది.
"ఆరు?" అన్నాను,
వంకాయలు బేరమాడినట్టు.

అందరూ మలుపు తిరిగాక మిగిలింది డోరీన్.
డెబ్భై మూడేళ్ళు, బస్సు నడిపి రిటైరయింది,
కొత్త మోకాలు, పాత బూట్లు.
గడియారం లేదు. కుడి జేబులో ఐదు గోళీలు,
కిలోమీటరుకొకటి ఎడమ జేబులోకి మారుతుంది.
"ముప్ఫై ఏళ్ళు ప్రతి స్టాపులో
ఎవడో ఒకడు నాకు టైము చూపించాడు," అంది,
"ఇక చాలు."

ఆమె పక్కన నడవడం ఎంత కష్టం!
కట్టేసిన దూడల్లా గుంజుకుంటున్నాయి కాళ్ళు.
రెండో కిలోమీటరులో గడియారం వణికింది:
వ్యాయామం ముగిసిందా?
లేదని నొక్కాను.
ట్రాము పట్టాల దగ్గర మళ్ళీ: ముగిసిందా?
"ఏమంటోంది?" డోరీన్ తొంగిచూసింది.
"నేను కదలడం లేదంటోంది."
ఆమెకి నవ్వు ఆగక, దగ్గొచ్చి,
బెంచీ మీద కూర్చున్నాం
నాలుగు నిమిషాలు.
నాలుగు నిమిషాలు!

అప్పుడొక హంస మెడ బయటికి తీసి
రెండు రెక్కలూ ఒక్కసారి విప్పింది.
అంచుల్లో తెల్లటి ఈకలు.
లేచి ఒడ్డు దాకా వెళ్ళి చూశాం.
ఈ చెరువు చుట్టూ రెండువేల కిలోమీటర్లు పరిగెత్తాను,
లెక్కుంది నా దగ్గర.
నల్ల హంసలో తెలుపుంటుందని తెలీదు.

పరిగెత్తి పాలు తాగేకన్నా
నిలబడి నీళ్ళు తాగమనేది మా పెద్దత్త.
ఆ సామెత నాకిప్పటికీ నచ్చదు.
పాలూ కావాలి నాకు, పరుగూ కావాలి.
పిక్క మానగానే మళ్ళీ దాటుతాను,
దాచడమెందుకు.

గీత దగ్గర గ్లెన్ అప్పటికే
గుర్తుల డబ్బాలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తున్నాడు.
నేనాగి, డోరీన్‌ని ముందు దాటనిచ్చాను.
ఆమె ఎడమ జేబు బోర్లించి లెక్కపెట్టుకుంది:
నాలుగే గోళీలు. జేబుకి చిల్లు.
"అయితే నాలుగే నడిచానా?"
మొహం నిజంగానే వాడిపోయింది.
చెయ్యి చాపి గడియారం చూపించాను,
ఆరేళ్ళలో మొదటిసారి ఇంకొకరికోసం:
ఐదు పాయింట్ సున్నా రెండు.

కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.
"ఆ చివరి రెండూ ఏమిటి?"

హంస దగ్గరికి వెళ్ళొచ్చాం కదా, అన్నాను.